పేగుపూత వ్యాధుల్లో కంటి సమస్యలు

పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణనాళంలో ఎక్కడైనా గోడ మందమంతా వాచే క్రోన్స్ వ్యాధి, ఈ రెండింటినీ కలిపి వైద్యులు ఐబీడీ అంటారు. మన పత్రికలు పేగుపూత వ్యాధులని రాస్తున్నాయి. పేరులో పేగు ఉన్నా ఈ జబ్బు పేగుతో ఆగదు. కీళ్లు వాచవచ్చు, కాళ్ల మీద ఎర్రటి గడ్డలు లేవవచ్చు, కాలేయంలోని పిత్తనాళాలు కుంచించుకుపోవచ్చు, కళ్లు ఎర్రబడి చూపు మసకబారవచ్చు. వైద్య గ్రంథాలు వీటన్నిటినీ పేగు వెలుపలి లక్షణాలు అనే ఒకే అధ్యాయంలో చేర్చి, కంటి గురించి నాలుగు వాక్యాలు రాసి ముగిస్తాయి. దానివల్ల వైద్యుల్లోనూ రోగుల్లోనూ ఒక నమ్మకం పాతుకుపోయింది: పేగును కుదుటపరిస్తే కన్ను దానంతటదే కుదుటపడుతుందని. కంటి పైపొరల వాపు విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిజమే. కంటి లోపలి వాపు విషయంలో మాత్రం కాదు. చూపు పోయేది ఎక్కువగా ఈ లోపలి వాపు వల్లే. అందువల్ల పేగు ఎలా ఉందో చూసి కంటి మీద తీర్పు చెప్పకూడదని, ఐబీడీ ఉన్న మనిషి కంటిని విడిగా చూడాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఐబీడీ పాశ్చాత్యుల జబ్బనే మాట ఇక చెల్లదు. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన ఒక సర్వే 2003లో అచ్చయింది. అక్కడ లక్ష మందిలో 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు తేలింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెల్లో పరీక్షలు జరిపినప్పుడు, నగరాలకే పరిమితమనుకున్న ఈ వ్యాధి పల్లెవాసుల్లోనూ కనిపించింది. నెలల తరబడి నెత్తురు, బంక పడుతున్నా మొలలనుకుని నాటు వైద్యంతో సరిపెట్టుకునేవారు ఎందరో. ఐబీడీ ఉన్నవారిలో 4 నుంచి 10 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు కంటి సమస్య వస్తుందని సాధారణంగా చెబుతారు. కొన్ని అధ్యయనాల్లో ఈ అంకె ఇంకా తక్కువ, కొన్నిట్లో ఎక్కువ. కంటి వైద్యుడు స్వయంగా పరీక్షించాడా, ఆసుపత్రి రికార్డులు చూసి లెక్కగట్టారా, కళ్లు పొడిబారడాన్ని కూడా కలిపారా అన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది. అల్సరేటివ్ కొలైటిస్ కంటే క్రోన్స్‌లో, అందులోనూ పెద్దపేగుకు జబ్బు సోకినవారిలో, కీళ్ల నొప్పులు కూడా ఉన్నవారిలో కంటి సమస్యలు ఎక్కువ.

పేగుకూ కంటికీ ఉన్న ఈ సంబంధం కొత్తగా తెలిసింది కాదు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు బరిల్ క్రోన్ 1932లో గిన్స్‌బర్గ్, ఓపెన్‌హైమర్‌లతో కలిసి రాసిన వ్యాసం వల్ల క్రోన్స్ వ్యాధికి ఆయన పేరు వచ్చింది. దానికి ఏడేళ్ల ముందే, 1925లో, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారికి కళ్లు చెడటం గురించి ఆయన విడిగా ఒక వ్యాసం ప్రచురించాడు. 1965లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు కొలైటిస్ రోగుల్లో కంటి లోపలి వాపునూ, నడుము కింది సాక్రోఇలియాక్ కీళ్ల మార్పులనూ కలిపి పరిశీలించి, ఈ రెండూ తరచు ఒకే మనిషిలో కనిపిస్తాయని గుర్తించారు. 1973లో బ్రూవర్టన్ బృందం, ఉన్నట్టుండి వచ్చే కంటి లోపలి వాపుకు హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు లక్షణంతో బలమైన బంధం ఉందని లాన్సెట్‌లో ప్రకటించింది. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో బలంగా ముడిపడి ఉన్నదీ ఈ బి27నే. అంటే పేగు, వెన్ను, కన్ను ఒక చోట కలుస్తాయన్న సంగతి యాభై ఏళ్ల కిందటే తెలుసు. తెలియాల్సింది ఏ కంటి సమస్య పేగు వెంట నడుస్తుంది, ఏది నడవదు అన్నది.

పేగు వెంట నడిచేది ఎపిస్క్లెరైటిస్. తెల్లగుడ్డు మీద పలుచని కణజాలపు పొర ఒకటి ఉంటుంది. దానిలోని సన్నని రక్తనాళాలు ఉబ్బి, కంట్లో ఒక పక్కగానో అంతటానో ఎర్రటి మచ్చ తేలుతుంది. మంట, కాస్త నలత తప్ప గట్టి నొప్పి ఉండదు, చూపు తగ్గదు, వెలుగు చూడలేకపోవడం ఉండదు. చాలావరకు విరేచనాలు ఎక్కువైన రోజుల్లో ఇది వస్తుంది, పేగు మందులు పని చేస్తే తగ్గిపోతుంది. చల్లని గుడ్డ అద్దడం, కన్నీటి చుక్కలు, అవసరమైతే కొద్ది రోజులు స్టెరాయిడ్ చుక్కలు చాలు. దీన్ని గుర్తుపట్టడానికి కంటి వైద్యులు చేసే చిన్న పరీక్ష గురించి చెప్పుకోవాలి. ఫెనైలెఫ్రిన్ చుక్క ఒకటి వేసి కొన్ని నిమిషాలు ఆగుతారు. ఆ మందు పైపొర రక్తనాళాలను బిగిస్తుంది. ఎరుపు వెలిసిపోయి తెల్లగుడ్డు మళ్లీ తెల్లగా కనిపిస్తే వాపు పైపొరలోదే. ఎరుపు అలాగే నిలిచి, పగటి వెలుగులో చూస్తే దానిలో ఊదా ఛాయ కనిపిస్తే వాపు లోతుకు, అంటే స్క్లెరా అనే గట్టి గోడలోకి దిగిందని అర్థం. ఒక్క చుక్కతో రోగి దారి రెండుగా చీలుతుంది.

లోతుకు దిగినది స్క్లెరైటిస్. ఐబీడీ రోగుల్లో ఇది అరుదు, నూటికి ఒకరికన్నా తక్కువ మందికి వస్తుంది. కానీ వస్తే నిద్ర పట్టనివ్వదు. నొప్పి కణతకు, దవడకు పాకుతుంది, తెల్లవారుజామున మరీ ఎక్కువవుతుంది. పదేపదే వస్తే తెల్లగుడ్డు గోడ పలచబడి లోపలి నీలిరంగు బయటికి కనిపిస్తుంది. దీనికి కంటి వైద్యులు మామూలుగా మొదట రాసేది ఇండోమెథాసిన్ వంటి నొప్పి నివారణ మాత్ర. అదే మాత్ర ఐబీడీని రెచ్చగొట్టగలదు. రోగి తన పేగు జబ్బు సంగతి చెప్పకపోయినా, కంటి వైద్యుడు అడగకపోయినా, కన్ను బాగుపడే వేళకు నెత్తురు విరేచనాలు మళ్లీ మొదలు కావచ్చు. పేగు జబ్బు ఉందని తెలిస్తే ఆ మెట్టు దాటేసి నేరుగా నోటి స్టెరాయిడ్‌కో, రోగనిరోధక శక్తిని అణిచే మందుకో వెళ్తారు.

ఇక యువియైటిస్. నల్లగుడ్డులోని ఐరిస్, దాని వెనుక సీలియరీ బాడీ, ఇంకా వెనుక కోరాయిడ్, ఈ మూడూ కలిసిన రక్తనాళాల పొరను యువియా అంటారు. అక్కడ వాపు వస్తే యువియైటిస్. దీన్ని చూడటానికి స్లిట్ ల్యాంప్ అనే పరికరం కావాలి. గదిలో దీపాలు ఆర్పి, సన్నని వెలుగు చారను కంటి మీద పక్కవాటుగా వేస్తారు. ఆరోగ్యమైన కంట్లో ముందరి పారదర్శక పొర అయిన కార్నియాకూ కటకానికీ మధ్య ఉండే నీరు పూర్తిగా పారదర్శకం కాబట్టి ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. వాపు ఉంటే రక్తనాళాల నుంచి ప్రొటీన్ కారి ఆ నీరు మసకబారుతుంది, వెలుగు చార కనిపించడం మొదలవుతుంది. అందులో తెల్లకణాలు, తలుపు సందులోంచి పడిన ఎండలో ధూళి రేణువుల్లా తేలుతుంటాయి. ఐరిస్ పక్కన నీరు వెచ్చన, కార్నియా పక్కన చల్లన. అందుకని కణాలు వెనుక వైపు పైకి, ముందు వైపు కిందికి నెమ్మదిగా తిరుగుతాయి. కొన్ని కార్నియా వెనుక గోడకు, కింది భాగంలో అంటుకుంటాయి. వైద్యుడు ఒక చిన్న వెలుగు గడిలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి వాపు తీవ్రతకు గ్రేడు ఇస్తాడు. టార్చిలైటుతో చూస్తే వీటిలో ఒక్కటీ కనపడదు. ఆలస్యమైతే ఐరిస్ అంచు కటకానికి అతుక్కుపోయి కంటిపాప గుండ్రదనం పోతుంది, కంటి పీడనం పెరుగుతుంది, శుక్లం వస్తుంది, రెటీనా మధ్యన మాక్యులాలో నీరు చేరి చూపు దిగజారుతుంది.

పుస్తకాల్లో వర్ణించే యువియైటిస్ ఎక్కువగా బి27 రకం. రాత్రికి రాత్రి ఒక కంట్లో వస్తుంది, నల్లగుడ్డు చుట్టూ ఎర్రబారుతుంది, నొప్పి, వెలుగు చూడలేకపోవడం, నీరు కారడం అన్నీ ఉంటాయి. అలాంటి రోగి తనంతట తానే ఆసుపత్రికి పరుగెత్తుతాడు. ఐబీడీతో వచ్చే యువియైటిస్ చాలాసార్లు వేరు. 1997లో లయన్స్, రోజెన్‌బామ్ ఐబీడీతో యువియైటిస్ వచ్చిన 17 మందిని, వెన్ను కీళ్ల జబ్బుతో వచ్చిన 89 మందితో పోల్చి చూశారు. ఐబీడీ వర్గంలో అత్యధికులు స్త్రీలు. రెండు కళ్లకూ రావడం, నెమ్మదిగా మొదలై నెలల తరబడి సాగడం, కటకం వెనక్కి పాకడం వీరిలో ఎక్కువ. బి27 వీరిలో సగం మందికి కూడా లేదు, రెండో వర్గంలో పదిమందికి దాదాపు తొమ్మిది మందికి ఉంది. అధ్యయనం చిన్నదే. అయినా ఆ తర్వాత వైద్యుల అనుభవం దాన్ని కాదనలేదు. దీనిలోని ప్రమాదం తేలిగ్గానే అర్థమవుతుంది. నొప్పి తక్కువ, ఎరుపు తక్కువ, చూపు కొద్దికొద్దిగా మసకబారుతుంది. రోగి కళ్లజోడు మార్చాలేమో అనుకుంటాడు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఇక్కడ తలకిందులవుతుంది.

అసలు వాదనకు ఇప్పుడు రావచ్చు. పేగు శాంతించింది కాబట్టి కన్ను బాగుందనుకోవచ్చా? స్విట్జర్లాండ్‌లో దేశవ్యాప్తంగా ఐబీడీ రోగులను ఏళ్ల తరబడి గమనించే కోహర్ట్ అధ్యయనంలో పేగు వెలుపలి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో కాలక్రమం కట్టి చూశారు. అలాంటి లక్షణాలున్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి తొలి లక్షణం పేగు జబ్బు బయటపడక ముందే వచ్చింది. కన్ను, కీళ్లు, చర్మం పేగు కంటే ముందే చెప్పాయన్నమాట. నోటి పుండ్లు, కాళ్ల మీది ఎర్రటి గడ్డలు (ఎరిథీమా నోడోసమ్), ఎపిస్క్లెరైటిస్ పేగు తీవ్రతను అనుసరిస్తాయని, యువియైటిస్, వెన్ను కీళ్ల వాపు, పిత్తనాళాల జబ్బు అనుసరించవని దశాబ్దాల పరిశీలనలో స్థిరపడింది. కొలైటిస్ ఉన్న పెద్దపేగును పూర్తిగా తీసేసినా యువియైటిస్ తిరగబెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఆ పెద్దపేగే లేనప్పుడు కంటి వాపుకు దాని నేటి పరిస్థితిని కారణంగా చూపలేం.

దీనికి ఎదురు తర్కం ఒకటి ఉంది, అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. పేగుకూ కంటికీ మూలం ఒకటే అయితే, మూలానికి చికిత్స చేస్తే రెండూ తగ్గాలి కదా? మూలం ఉమ్మడి అనడానికి ఆధారాలు నిజంగానే బలంగా ఉన్నాయి. 1994లో భగత్, దాస్ మనిషి పెద్దపేగులో, కంట్లో, కీళ్లలో ఒకే రకపు పెప్టైడ్ ఉందని మోనోక్లోనల్ యాంటీబాడీతో చూపారు. పేగు మీద గురిపెట్టిన రోగనిరోధక వ్యవస్థ కంటినీ అదే శత్రువనుకునే వీలుంది. 2015లో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో రేచల్ కాస్పీ బృందం, దానంతటదే యువియైటిస్ వచ్చే జాతి ఎలుకల్లో పేగు బ్యాక్టీరియాను యాంటీబయాటిక్‌లతో తగ్గించి చూసింది. కంటి వాపు తగ్గింది, ఆలస్యమైంది. రెటీనాను గుర్తుపట్టే టి-కణాలనే రోగనిరోధక కణాలు కంటిని ఎన్నడూ చూడకుండానే పేగులో ఉత్తేజితమవుతున్నాయని తేల్చింది. కానీ ఈ ఆధారాలు చెప్పేది వాపు ఎక్కడ మొదలవుతుందో. ఒకసారి కంట్లో స్థిరపడ్డాక అది ఎలా కొనసాగుతుందో కాదు. నా దృష్టిలో ఈ తేడానే ఇక్కడ కీలకం. పేగులో ఉత్తేజితమైన కణాలు కంట్లో కాపురం పెట్టాక, పేగు గోడ మానినంత మాత్రాన అవి ఖాళీ చేసి వెళ్లిపోవాలన్న నియమం ఏదీ లేదు.

మందుల అనుభవం ఈ మాటను ఇంకా గట్టిపరుస్తుంది. వెడోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ రక్తంలోని లింఫోసైట్‌లనే తెల్లకణాలు పేగు రక్తనాళాలను పట్టుకోకుండా అడ్డుకుంటుంది. పేగులోనే పని చేయడం దాని గొప్ప సుగుణం. ఒళ్లంతా రోగనిరోధక శక్తి తగ్గదు కనుక ఇన్ఫెక్షన్ల భయం తక్కువ. కంటి వైపు నుంచి చూస్తే ఆ సుగుణమే లోటు. కంటి వాపును అది అదుపు చేస్తుందనడానికి ఆధారాలు బలహీనం. దీనికి భిన్నంగా, ఒంట్లో అంతటా టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేతాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ పేగు మీదా కంటి మీదా పని చేస్తాయి. ఇన్ఫెక్షన్ వల్ల రాని, కంటి మధ్య, వెనుక భాగాల యువియైటిస్‌కు అడాలిముమాబ్‌ను అమెరికా 2016లో ఆమోదించింది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే అదే మందుల కుటుంబానికి చెందిన ఎటానెర్సెప్ట్ మాత్రం క్రోన్స్‌లో విఫలమైంది. దాన్ని వాడేవారిలో యువియైటిస్ కొత్తగా వచ్చిన కేసులు కూడా నమోదయ్యాయి. కాబట్టి కంటి సమస్య ఉన్న ఐబీడీ రోగికి ఏ మందు అన్నది పేగు వైద్యుడు ఒక్కడే తేల్చదగ్గ ప్రశ్న కాదు. ఖర్చు విషయంలో మన దేశానికి కొంత ఊరట దొరికింది. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే దానికి దగ్గరి నకలు మందును, జైడస్ 2014 చివర్లో భారతదేశంలో విడుదల చేసింది. తర్వాత మరికొన్ని కంపెనీలు రావడంతో ధర తగ్గింది. ఇప్పటికీ మధ్యతరగతి కుటుంబానికి అది పెద్ద ఖర్చే.

మరో అభ్యంతరం అంకెల మీద వస్తుంది. కెనడాలోని మనిటోబా రాష్ట్రమంతటా జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఐబీడీ ఉన్న స్త్రీలలో 2.2 శాతం, పురుషుల్లో 1.1 శాతం మందికే ఐరైటిస్ (ఐరిస్ వాపు) లేదా యువియైటిస్ కనిపించింది. నూరు మందిలో ఒకరిద్దరి కోసం అందరినీ కంటి ఆసుపత్రికి తిప్పడం దేనికని అడగవచ్చు. అడగడం సబబే. ఏ బాధా లేని పెద్దవారందరికీ ఏటా స్లిట్ ల్యాంప్ పరీక్ష తప్పనిసరి చేయాలని నేను అనడం లేదు. దానివల్ల మేలు కలుగుతుందన్న రుజువు లేదు. నేను కోరేది ఇంతకంటే చిన్నది: కంటి బాధ వచ్చిన రోజున పేగు పరిస్థితిని సాకుగా చూపి వాయిదా వేయకూడదని, ప్రమాదం ఎక్కువగా ఉన్న కొందరిని మాత్రం బాధ లేకపోయినా పరీక్షించాలని. ఆ కొందరిలో ముందు పిల్లలు. చిన్నపిల్లలు చూపు మసకబారినా చెప్పరు. ఐబీడీ ఉన్న పిల్లల్లో ఎరుపూ నొప్పీ లేని యువియైటిస్ కనిపించిన ఉదాహరణలు ఉన్నాయి. పిల్లల కీళ్లవాతంలో ఇదే కారణంగా కంటి పరీక్ష ఎప్పుడో నియమమైంది. తర్వాత నడుము, కీళ్ల నొప్పులున్నవారు, గతంలో ఒకసారి యువియైటిస్ వచ్చినవారు, నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవారు.

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి మందులు కంటికి చేసే చెరుపు గురించి కూడా చెప్పాలి. ప్రెడ్నిసలోన్ నెలలకొద్దీ మింగితే కటకం వెనుక పొరలో శుక్లం వస్తుంది. ముప్పై ఏళ్లవారికి సైతం ఎండలో చూపు చెదురుతుంది, రాత్రి ఎదురొచ్చే లారీ లైట్లు కళ్లలో పొడుస్తాయి. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో కంటి పీడనాన్ని పెంచి గ్లకోమా తెస్తాయి. అది నొప్పి లేకుండా పక్క చూపును కొరికేస్తుంది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందుల వల్ల అరుదుగా కంటి నరం వాపు వచ్చిన కేసులు ఉన్నాయి. పోషక లోపాలు ఇంకో దారి. క్రోన్స్‌లో చిన్నపేగు చివరి భాగాన్ని ఎక్కువ పొడవు కోసి తీసేస్తే పిత్తలవణాలు తిరిగి ఇంకడం తగ్గి, కొవ్వుతో పాటు విటమిన్ ఏ కూడా వృథాగా పోతుంది. పెద్దవారికి రేచీకటి, కళ్లు పొడిబారడం మొదలైతే ఆ కోణంలో ఆలోచించాలి. కార్నియాలో పొక్కులు, రెటీనా రక్తనాళాల్లో గడ్డలు, కంటి గుంట వాపు గురించి కూడా పుస్తకాల్లో రాస్తారు గానీ అవి చాలా అరుదు.

మన దేశంలో ఈ కథకు పాశ్చాత్య పుస్తకాల్లో అంతగా లేని అధ్యాయం ఒకటుంది: క్షయ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట వచ్చే పేగు క్షయ, క్రోన్స్ రెండూ కొలనోస్కోపీలో, స్కాన్‌లో ఒకేలా కనిపిస్తాయి. ముక్క తీసి పరీక్షించినా చాలాసార్లు తేలదు. అందుకే అనుమానం ఉన్నచోట మొదట క్షయ మందులు మొదలుపెట్టి, రెండు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయా అని చూస్తారు. మానకపోతే క్రోన్స్. కంట్లోనూ అదే ఇబ్బంది, ఎందుకంటే క్షయ కూడా యువియైటిస్ తెస్తుంది. పేగు పుండ్లు, కంటి వాపు రెండూ ఉన్న రోగిలో ఆ రెండింటికీ క్షయే కారణం కావచ్చు, క్రోన్సే కావచ్చు, నోట్లోనూ జననాంగాల మీదా పుండ్లు తెచ్చే బెచెట్స్ వ్యాధీ కావచ్చు. ఇక్కడ పొరపడితే నష్టం ఎక్కువ. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను గమనించకుండా టీఎన్‌ఎఫ్ మందు ఇస్తే అది ఒళ్లంతా చెలరేగుతుంది. అందుకే ఆ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి.

ఈ అధ్యాయంలోనే దృష్టికి రాకుండా పోయే ప్రమాదం ఒకటి ఉంది. క్షయ మందుల్లోని ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయగలదు. మోతాదు పెరిగేకొద్దీ, వాడే కాలం పెరిగేకొద్దీ, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ప్రస్తుత జాతీయ విధానంలో ఈ మందు మొత్తం ఆరు నెలల కోర్సులోనూ ఉంటుంది. నష్టం ఎరుపు లేకుండా, నొప్పి లేకుండా, రెండు కళ్లలోనూ జరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా ముందు చెదురుతుంది, తర్వాత ఎదురుగా ఉన్న అక్షరాలు మసకబారతాయి. వెంటనే ఆపితే చాలామందిలో చూపు కొంతవరకైనా తిరిగొస్తుంది, ఆలస్యమైతే రాకపోవచ్చు. చివరికి క్రోన్స్ అని తేలిన మనిషి అప్పటికే ఈ మందు నెలల తరబడి మింగి ఉంటాడు. అతని చూపు తగ్గితే కారణం యువియైటిసా, స్టెరాయిడ్ శుక్లమా, ఇథాంబుటాలా అన్నది తేల్చాలంటే మందు మొదలుపెట్టిన నాటి చూపు కొలత, రంగుల పరీక్ష కాగితం చేతిలో ఉండాలి. ఆ పరీక్షకు పట్టేది పది నిమిషాలు.

కళ్లు ఎర్రబడితే మనవాళ్లకు మొదట తోచేది కళ్లకలక. 2023 జులై, ఆగస్టు నెలల్లో దేశమంతటా, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది విపరీతంగా వ్యాపించింది. ఎర్రబడిన కళ్లలో ఎక్కువ శాతం నిజంగా కళ్లకలకే, లేదా ఎలర్జీనే. అందుకని ఐబీడీ ఉన్నవారు ఎర్రబడిన ప్రతిసారీ కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలనడం అతి కాదా అన్న ప్రశ్న వస్తుంది. కానీ ఈ రెండింటినీ వేరుచేసే గుర్తులు ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్లకలకలో పుసి కట్టి పొద్దున రెప్పలు అంటుకుంటాయి, దురద ఉంటుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది, చూపు తగ్గదు. యువియైటిస్‌లో పుసి ఉండదు, ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంగా ఉంటుంది, వెలుగు చూడలేరు, చూపు మసకగా ఉంటుంది. బాగున్న కంట్లో టార్చి వేసినా జబ్బు కంట్లో నొప్పి పుడుతుంది, ఎందుకంటే రెండు పాపలూ ఒకేసారి ముడుచుకుంటాయి. యువియైటిస్ గుర్తుల్లో ఒక్కటున్నా ఆ రోజో మర్నాడో స్లిట్ ల్యాంప్ ఉన్న చోటికి వెళ్లాలి. నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, దాని వల్ల పెద్ద కీడు లేదు, పసరు లోపల పిండకపోతే. కీడంతా మందుల షాపులో అడిగిందే తడవుగా ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన యాంటీబయాటిక్ చుక్కల్లో ఉంది. యువియైటిస్ ఉంటే అవి ఎరుపును సగం తగ్గించి జబ్బును కప్పిపెడతాయి. హెర్పిస్ వైరస్ పుండు ఉంటే కార్నియాను కరిగించేస్తాయి. ఏదీ లేకపోయినా నెలల తరబడి వేస్తే పీడనం పెంచుతాయి.

యువియైటిస్ చికిత్స కంటితోనే మొదలవుతుంది. ప్రెడ్నిసలోన్ అసిటేట్ చుక్కలు మొదట గంటకోసారి వేసి, కణాల లెక్క తగ్గేకొద్దీ వారాల తరబడి నెమ్మదిగా తగ్గిస్తారు. హోమట్రోపిన్ లేదా అట్రోపిన్ చుక్కలతో పాపను విప్పి ఉంచుతారు. దాంతో ఐరిస్ కటకానికి అతుక్కోదు, కండరపు నొప్పీ తగ్గుతుంది. ఎరుపు పోయిందని రోగి చుక్కలు ఆపేయడం వల్ల తిరగబెట్టే కేసులు చాలా ఎక్కువ, ఎందుకంటే ఎరుపు పోయాక కూడా కణాలు కొన్నాళ్లు ఉంటాయి. చుక్కలకు లొంగకపోతే, వెనుక భాగానికి పాకితే, పదేపదే వస్తుంటే నోటి స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, ఆపైన అడాలిముమాబ్ వరకు వెళ్తారు. గర్భం ధరించాలనుకునే స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇవ్వకూడదు. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ వయసు స్త్రీలకే కనుక ఈ మాట పేగు వైద్యుడికీ కంటి వైద్యుడికీ ఒకేసారి గుర్తుండాలి.

జిల్లాల నుంచి వచ్చే రోగి పేగు కోసం హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి, కంటి కోసం మెహిదీపట్నంలోని సరోజినీదేవి ఆసుపత్రికో, ఎల్.వి.ప్రసాద్ సంస్థకో వెళ్తాడు. నైపుణ్యానికి కొదవ లేదు. కొదవ రెండు ఫైళ్ల మధ్య ఉంది. పేగు ఫైలులో కంటి పీడనం ఉండదు, కంటి ఫైలులో రోగి మింగుతున్న అజాథయోప్రిన్ మోతాదు ఉండదు. దీని ఫలితం శుక్లం ఆపరేషన్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. యువియైటిస్ వచ్చిన కంటికి ఆపరేషన్ చేయాలంటే కనీసం మూడు నెలలు వాపు ఏమాత్రం లేకుండా ఉండాలి. లేకపోతే ఆపరేషన్ తర్వాత వాపు చెలరేగి మాక్యులాలో నీరు చేరుతుంది, వేసిన కటకం మీద పొర కడుతుంది. ఆ మూడు నెలల మధ్యలో పేగు బాగుందని ఎవరైనా అడాలిముమాబ్ ఆపినా, దాని బదులు వెడోలిజుమాబ్ మొదలుపెట్టినా కంట్లో కణాలు తిరిగి రావచ్చు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అలాంటి రోగికి ఈ ఇంజెక్షన్ మందు మార్చే తేదీనీ కంటి ఆపరేషన్ తేదీనీ ఇద్దరు వైద్యులూ మాట్లాడుకుని, రెండు ఫైళ్లలోనూ రాయాలి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా స్టెరాయిడ్ ఎన్ని రోజులు, ఎంత మోతాదులో ఇవ్వాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.